కింద ఏమీ లేదు

4, గురువారం. మీటరు 214306.

వ్యానుకి ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. అందరం గుండు అని పిలిచేవాడి టైర్ల కొట్లోనే. వాడే గాలి పెట్టి, నట్లు బిగించి, టైరు మీద అరచేత్తో చరిచాడు. "ఇక మూడేళ్ళు నా మొహం చూడక్కర్లేదు పెద్దాయనా" అన్నాడు. "నీ మొహం చూడాలని ఎవడికుందిరా" అన్నాను. గుండు నిమురుకుంటూ నవ్వాడు.

సాయంత్రం కుట్టు ఫ్యాక్టరీ ముందు నా తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ ఎక్కించుకున్నాను. బండి నిండా కొత్త రబ్బరు వాసన. పెద్ద రోడ్డెక్కాక బండి ఎడమ పక్కకి జరిగింది. కొంచెమే. స్టీరింగు కుడికి పట్టి తెచ్చాను. అక్కడ రోడ్డు ఎడమకి వాలుగా ఉంటుంది, వాన నీళ్ళు పోవాలి కదా.

5, శుక్రవారం. 214352.

రోడ్డు వాలే.

6, శనివారం. 214398.

ముందు సీటులో కూర్చునే ఆవిడ చొక్కాలకి కాజాలు కుట్టే మిషన్ మీద పనిచేస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఆ సీటు ఆమెదే. నోరు కూడా మిషనే, మీట నొక్కితే ఆగదు. ఇవాళ అంది కదా, "ఏంటి బాబాయ్, మన బండి ఫుట్‌పాత్ మీద మనసు పడింది?" అని. వెనకనించి ఇంకొకతె అందుకుంది, "ఫుట్‌పాత్ మీద కాదే, ఆ పక్క టీ కొట్టావిడ మీద." బండంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కుడికి పట్టుకున్నాను.

వాలు లేని చోట కూడా జరుగుతోంది.

ఈ పుస్తకంలో నేను రాసేది మీటరు, డీజిలు, ఆయిలు మార్చిన రోజు. అంతే. నా చదువు అంతకే సరిపోతుంది. మైలురాళ్ళ మీదా, బండ్ల వెనకా చూసి నేర్చుకున్న అక్షరాలు. కానీ ఈ సంగతి ఇంట్లో అనలేను. ఇక్కడ రాసి మూసేస్తే సరి.

చలికాలంలో ఒక పొద్దున ఎడమ చేతి వేళ్ళు రెండు చల్లబడి మొద్దుబారాయి. గ్లాసు జారి పగిలింది. పది నిమిషాల్లో అదే సర్దుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత ఏమీ లేదు.

7, ఆదివారం. 214420.

పెద్దమ్మాయి వచ్చింది. పక్క వీధే దానిది. ఆసుపత్రిలో నర్సు, దాని కంటికి మనుషులంతా రోగులే. బజారుదాకా దింపమంది. దింపాను. దారి పొడుగునా నా చేతులే చూసింది. దిగే ముందు అంది:

"నాన్నా, బండి ఎడమకి పోతోంది."

"కొత్త టైర్లు. సర్దుకుంటాయి."

"టైర్లు సర్దుకుంటాయా? మీ ఎడమ చెయ్యి స్టీరింగు మీద వేలాడుతోంది. చెయ్యి బరువుకే తిరుగుతోందేమో."

"నలభై రెండేళ్ళు నడిపిన చెయ్యి ఇది."

"అందుకే అడుగుతున్నా. తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఎక్కుతారు నాన్నా. వాళ్ళకీ పిల్లలున్నారు."

నాకు తిక్క రేగింది. "వచ్చే ఆదివారానికి ఈ బండి తిన్నగా పోకపోతే తాళం నీ చేతిలో పెడతాను, ఇక స్టీరింగు ముట్టను" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. "సరే" అంది. అచ్చం నా కూతురే.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గోడ మీది నంబరు ప్లేటు తుడుస్తూ వేలు కోసుకుంది. నా మొదటి లారీది ఆ ప్లేటు. "ఈ తెగిన మూల ఎప్పుడూ నన్నే కోస్తుంది, ఎవరు కత్తిరించారో మహానుభావులు" అంటూ వేలు నోట్లో పెట్టుకుంది. పాత రేకు, ఎక్కడో తగిలి తెగి ఉంటుంది.

రెండు చేతులూ వదిలి చూడండి, తెలిసిపోతుంది అని అల్లుడు ఫోనులో సలహా. నాకు బండి నేర్పినాయన, ఒకసారి చేతులు వదిలానని వేళ్ళ మీద రెంచితో కొట్టాడు. అప్పట్నుంచీ వదల్లేదు. ఇప్పుడెందుకు వదులుతాను?

8, సోమవారం. 214466.

గుండుని వాడి కొట్టు ముందు పదిమంది ఉండగానే దులిపేశాను. పాత సరుకు అంటగట్టావన్నాను. దొంగ అన్నాను. వాడి మొహం పాలిపోయింది. "వదినా, ఒకసారి ఇటు రా" అని లోపలికి కేకేశాడు.

వాడి అన్న పోయినప్పట్నుంచి వాళ్ళ వదిన ఆ కొట్లోనే పనిచేస్తోంది. యాభై దగ్గర ఉంటాయి. పది నిమిషాల పని గంట చేస్తుందని వీధిలో అందరూ నిదానం అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నిదానం బండిని ముట్టుకోనే లేదు. స్టూలు తెచ్చుకుని, చిన్న పుస్తకం తీసి కూర్చుంది.

"ఎప్పట్నుంచండీ?"

"టైర్లు మార్చిన గంట నుంచి."

"బ్రేకు తొక్కితేనా, తొక్కకపోయినానా?"

"ఎప్పుడూ."

"జనం ఎక్కితేనా, ఖాళీగానా? ఏ పక్క సీట్లు ముందు నిండుతాయి?"

"నువ్వు మెకానిక్కువా, పోలీసువా?"

తలెత్తలేదు. రాసుకుంది. "ఇదివరకు కింద ఏమైనా పని చేయించారా?"

"ఈ బండిని నేను తప్ప ఎవడూ ముట్టుకోలేదు. కింద ఏమీ లేదు."

అదీ రాసుకుంది. తర్వాత లేచి గాలి చూసింది. రెండు వైపులా సమానం. ఆ వరస కొట్టేసింది. నన్ను రెండు మైళ్ళు తిరిగి రమ్మంది. రాగానే రెండు చక్రాల నడిమధ్యకీ చెయ్యి దగ్గరగా పెట్టింది, అరచెయ్యి కాదు, వెనక వైపు. ఒక చక్రం బ్రేకు పట్టేస్తుంటే ఆ పక్క వేడెక్కుతుందట. రెండూ ఒకటే వేడి. ఆ వరసా కొట్టేసింది. జ్వరం వచ్చిన పిల్లల్ని మా అమ్మ అలాగే ముట్టుకునేది.

చీకటి పడేలోపు రెండు వరసలే కొట్టేసింది. నాకైతే ఒళ్ళు మండింది.

9, మంగళవారం. 214514.

ముందు టైర్లు రెండూ అటుదిటూ ఇటుదటూ మార్చింది. "టైరు తప్పైతే ఇప్పుడు కుడికి లాగాలి" అంది. ఎడమకే లాగింది. "అయితే టైరు మంచిదే" అని గుండు వైపు చూసి చెప్పింది. వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

"మళ్ళీ మార్చు" అన్నాను. మళ్ళీ మార్చింది. విసుక్కోలేదు. ఎడమకే.

తర్వాత బండి కిందికి దూరి కీళ్ళన్నీ ఊపి చూసింది. వదులైనది ఒక్కటీ లేదు. "చాలా బాగా చూసుకున్నారండీ బండిని" అంది. నాకు ముందే తెలుసు. కింద ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. విప్పిన ప్రతి నట్టునీ అది వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి, మళ్ళీ దాని చోటికే పంపింది. నేను లారీ మీద ఉన్న రోజుల్లో మా పెద్ద మెకానిక్కు ఒకాయన అలా చేసేవాడు. ఆయన తర్వాత ఇప్పుడే చూశాను.

10, బుధవారం. 214560.

పొద్దున సైకిలు మీద పోతున్న మనిషి పక్కనించి పోతుంటే బండి అటు లాగింది. జానెడు తేడాలో తప్పించాను. ముందు సీటావిడ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద వేసేసింది. దిగేదాకా ఒక్క మాట అనలేదు.

సాయంత్రం వాళ్ళకి వేరే బండి మాట్లాడాను. నా బండికి పనుంది అని చెప్పాను.

11, గురువారం. 214571.

నిదానం పుస్తకం చూపించింది. అన్ని వరసలూ కొట్టేసి ఉన్నాయి. ఒక్కటి మిగిలింది. దాని ఎదురుగా రాసింది చదివాను: మనిషి.

"నేనొకసారి నడిపి చూడాలండీ" అంది.

"నా బండి ఎవరికీ ఇవ్వను."

"పోనీ, మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటాను. తిన్నటి రోడ్డు మీద చేతులు వదలండి."

"వదలను."

"వదలరా, వదల్లేరా?"

గుండు గాలి గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ కొట్లో నాతో అలా మాట్లాడినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"నా చేతి మీద అనుమానమా నీకు?" అని అరిచాను.

"అనుమానం కాదండీ. టైరు మీద అనుమానం ఉందా, మార్చి చూశాం. బ్రేకు మీద ఉందా, ముట్టుకుని చూశాం. నడిపే మనిషి కూడా బండిలో ఒక సామానే కదండీ. చూడకుండా బాగుందనీ అనకూడదు, పాడైందనీ అనకూడదు."

వచ్చేశాను. దారి పొడుగునా ఎడమకి లాగింది.

12, శుక్రవారం. బండి తియ్యలేదు.

ఇంట్లోనే ఉన్నాను. పేపరు రెండుసార్లు తిరగేశాను. మా ఆవిడ టీ తెచ్చి ఎడమ చేతికి అందించింది. కావాలనే. తీసుకున్నాను. ఒలకలేదు.

"గ్లాసు పగిలిన సంగతి నాకు తెలుసు" అంది.

"పెద్దమ్మాయి చెప్పిందా?"

"ముక్కలు ఎత్తింది నేను. దానికి చెప్పిందీ నేనే."

"తెలిసీ ఇన్నాళ్ళు నన్నెందుకు అడగలేదు?"

"మీరే చెప్తారని చూశాను. చలికాలం పోయింది, ఎండాకాలం కూడా వచ్చింది."

నలభై ఏళ్ళ కాపురం. ఈవిడా నిదానమే.

నా భయం ఏమిటో ఇక్కడైనా రాస్తాను. నిదానం నడిపితే బండి తిన్నగా పోతుందేమో అని. తిన్నగా పోతే తప్పు బండిది కాదు. టైరైతే మారుస్తారు, బోల్టయితే మారుస్తారు. నన్నేం చేస్తారు?

13, శనివారం. 214603.

తాళం ఇచ్చాను.

పక్క సీటులో కూర్చున్నాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. అటు నించి చూస్తే బండి నాది కానట్టుంది. నిదానం సీటు ముందుకి జరపలేదు, అద్దం తిప్పలేదు, రేడియో మీట ముట్టలేదు. "మీ కొలతలు మార్చనండీ" అంది. కాళ్ళు అందక సీటు అంచున కూర్చుని నడిపింది.

గోదాముల వెనక తిన్నటి రోడ్డు. వాలు లేదు, జనం లేరు. నలభైలో పోతుండగా రెండు చేతులూ పైకెత్తింది. నేను రోడ్డు చూడలేదు. స్టీరింగునే చూశాను.

స్టీరింగు తనంతట తాను ఎడమకి తిరిగింది.

పట్టుకుని తిన్నగా తెచ్చి, మళ్ళీ వదిలింది. మళ్ళీ ఎడమకి. మూడోసారీ అంతే. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని 'మనిషి' అన్న వరస కొట్టేసింది. కిటికీలోంచి దుమ్ము పడి నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కిటికీ అద్దాలు మూసే ఉన్నాయి అనుకుంటా.

"నీళ్ళు తాగుతారా?" అంది.

"బండి చూడు ముందు" అన్నాను.

కొట్టుకి వచ్చాక ఒక దారానికి బరువైన నట్టు కట్టింది. ఆ దారాన్ని చక్రం పైనుంచి వేలాడదీసి, రిమ్ము పై అంచుకీ దారానికీ మధ్య దూరం స్కేలుతో కొలిచింది, కింది అంచుకీ కొలిచింది. కుడి చక్రం నిటారుగా ఉంది. ఎడమ చక్రం తల కొంచెం బయటికి వాలింది. చక్రం ఎటు వాలితే బండి అటే పోతుందట. కంటికి కనపడని వాలు అది. నట్టూ దారమూ చెప్పాయి. ఇంత నిఖార్సైన పని చూసి ఎన్నేళ్ళయిందో. నా వయసు మరిచిపోయి, స్కూల్లో పిల్లాడిలా వంగి చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు వాలిందో వెతకడానికి కిందికి పోలేదు. చక్రం విప్పి, లోపల చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ బిగించిన చోట పేరుకున్న మడ్డిని పాత టూత్ బ్రష్షుతో తోమింది. పావుగంట తోమింది. ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక రేకు బిళ్ళ బయటపడింది.

"ఇదిగోండి. కంపెనీది కాదు. ఎవరో చేత్తో కత్తిరించి పెట్టారు."

బోల్టు వదులు చేసి, బిళ్ళని లాగి, గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టింది. తెల్ల రంగు మీద నల్లగా సగం నాలుగు అంకె.

"ఎవరో గాని మంచి పనివాడండీ" అంది. "పాత టైరు కుడికి లాగుతుంటే దానికి విరుగుడుగా దీన్ని పెట్టి ఉంటాడు. అంచులు ఆకురాయితో ఎంత నున్నగా రాశాడో చూడండి. ఇన్నాళ్ళూ వెంట్రుకవాసి కదల్లేదు. ఆ టైరు ఉన్నన్నాళ్ళూ ఇది మందు. ఆ టైరు పోయాక ఇదే రోగం."

బిళ్ళని జేబులో వేసుకున్నాను.

బిళ్ళ తీసి బిగించాక బండి బాణంలా పోయింది. పని అయిపోయిందనుకున్నాను. నిదానం వెనక్కి వచ్చి మళ్ళీ గాలి చూసింది, మళ్ళీ చక్రాల వేడి చూసింది, మళ్ళీ కీళ్ళు ఊపింది. "దొరికింది కదా, ఇంకా ఏం వెతుకుతావు?" అన్నాను.

"ఒకటి దొరికిందని మిగతావి బాగున్నట్టు కాదు కదండీ."

ఇంటికొచ్చి బిళ్ళని గోడ మీది ప్లేటు మూలకి ఆనించాను. సగం నాలుగు వెళ్ళి మిగతా సగాన్ని కలుసుకుంది.

పాత పుస్తకాలు దించాను. మూడేళ్ళ కిందటిది. నా రాతే. "కుడికి లాగింది. ఎడమ పైన బిళ్ళ వేశా. తిన్నగా." దాని కింద వరస: "ఆపరేషన్ రేపు పొద్దున." అది మా ఆవిడకి కడుపు కోసిన వారం. ఆ వారంలో ఏం చేశానో ఒక్కటీ గుర్తులేదు, ఆసుపత్రి బెంచీ తప్ప.

గుర్తులేదనే రాస్తున్నాను. సోమవారం నించీ ఈ పుస్తకాలు అటక మీదే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేవి.

14, ఆదివారం. 214618.

గుండు కొట్టు ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. పొద్దున్నే పోయాను. జనం చేరేదాకా ఎదురు అరుగు మీద కూర్చున్నాను. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి.

"గుండూ, నీ టైర్లు మంచివి. నేను నిన్ను దొంగ అన్నాను. బిళ్ళ పెట్టింది నేను. మరిచిపోయింది నేను" అన్నాను గట్టిగా.

వాడికి ఏం చెయ్యాలో తోచక నా బండికి మళ్ళీ గాలి పెట్టబోయాడు. "ఒరే, పేలిపోతుందిరా!" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

నిదానం లోపల టైరు పంక్చరు వేస్తోంది. దగ్గరికెళ్ళి, "నిన్ననే చెప్పాల్సింది నీకు" అన్నాను.

"నాకు నిన్ననే తెలుసండీ."

"ఎలా?"

"అలాంటిది చేతిలో పెడితే ఎవరైనా ముందు అడిగేది, ఎవడ్రా ఇది పెట్టింది అని. మీరు అడగలేదు."

"తెలిసే పనివాడు మంచివాడు అన్నావా? నన్ను ఉబ్బెయ్యడానికా?"

"పని మంచిదే కాబట్టి అన్నాను. మీరని కాదు." మళ్ళీ పంక్చరు మీదికి వంగింది.

నలభై రెండేళ్ళలో నా పనిని మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. అందరూ నా మొహం చూసి మెచ్చుకున్నారు. ఈమె మడ్డి తోమి, రేకు చూసి మెచ్చుకుంది. ఇకమీద నిదానం అనే పేరుతో పిలిస్తే లేచి నిలబడి పిలవాలి.

మధ్యాహ్నం పెద్దమ్మాయి వచ్చింది. అది అడక్కముందే తాళం దాని చేతిలో పెట్టాను.

"నాన్నా! బాగుపడలేదా?" దాని మొహం చిన్నబోయింది.

"నడుపు. నేను పక్కన కూర్చుంటాను."

గోదాముల రోడ్డు మీదికి తీసుకుపోయింది. "ఇప్పుడు చేతులు వదులు" అన్నాను.

"మీకు నచ్చదుగా!"

"వదులమ్మా."

వదిలింది. బండి తిన్నగా పోయింది. గోదాములన్నీ దాటినా తిన్నగానే పోయింది. అది చప్పట్లు కొట్టబోయింది. "స్టీరింగు పట్టుకో ముందు!" అని అరిచాను.

బండి ఆపి తాళం నాకిచ్చింది. "గెలిచారు" అంది.

గెలిచానని ఎగిరిపోవాలి మామూలుగా అయితే. తాళం ఎడమ చేత్తో తీసుకున్నాను. పట్టు బాగానే ఉంది. ఆ వేళ్ళు రెండూ మాత్రం ఇంకా కొంచెం మొద్దుగానే ఉన్నాయి. నిదానం మళ్ళీ గాలి చూడటం గుర్తొచ్చింది. "రేపు మీ డాక్టరు ఉంటాడా?" అన్నాను.

పెద్దమ్మాయి నా వంక చూసింది. నర్సులా కాదు.

15, సోమవారం. 214641.

పొద్దున తొమ్మిదిమందీ ఎక్కారు. ముందు సీటావిడ కూర్చుంటూనే, "హమ్మయ్య, ఆ వేరే బండివాడు ఎంత మర్యాదస్తుడో బాబాయ్, ఒక్కసారీ కసరలేదు. నాలుగు రోజులూ నిద్రొచ్చింది" అంది. "దిగి వాడి బండే ఎక్కు" అన్నాను. "అమ్మో, టీ కొట్టావిడ బెంగ పెట్టుకోదూ" అంది. పెద్ద రోడ్డు మీద బండి గీత గీసినట్టు పోయింది. దిగేటప్పుడు ముందు సీటావిడ డాష్‌బోర్డుని ఒకసారి తట్టి పోయింది.

బిళ్ళని ప్లేటు మూలకి జిగురుతో అతికించాను. మా ఆవిడ వేలుతో రాసి చూసింది. ఇక కోయదు.

పదకొండింటికి డాక్టరు. నేనే నడుపుకుంటూ పోతాను, పెద్దమ్మాయి పక్కన కూర్చుంటుంది. ఏం చూస్తాడో చూడనీ. చూడకముందే ఏమీ లేదని మాత్రం ఈసారి అనను.